కొబ్బరి నీడ నుంచి కొండ అడవికి

ఉద్దానం మనిషికి చెట్టు కొత్త కాదు. వజ్రపుకొత్తూరు నుంచి మందస దాకా, అటు సోంపేట, కవిటి దాకా మన ఊళ్ళన్నీ చెట్ల కిందే ఉన్నాయి. ఇంటి ముందు కొబ్బరి, పెరట్లో పనస, పొలిమేరలో జీడితోట. పిల్లలు ఎండ తగలకుండానే బడికి వెళ్ళిపోయే ఊళ్ళు మనవి. అలాంటి ఊరి మనిషిని తీసుకువెళ్ళి, జీవితంలో మొదటిసారి, మహేంద్రగిరి కొండల అడవిలో నిలబెట్టండి. పలాస స్టేషన్ దాటి బరంపురం వైపు వెళ్ళే రైల్లో ఎడమ పక్క కిటికీలోంచి నీలంగా కనిపిస్తుందే, ఆ కొండే. దాన్ని దూరం నుంచి చూడని వాళ్ళు మనలో లేరు. దగ్గరికి వెళ్ళి, ఆ చెట్ల కింద నిలబడి, తల వెనక్కి వాల్చి చూసినవాళ్ళు మాత్రం తక్కువే. అలా మొదటిసారి చూసిన మనిషి కాసేపు మాట్లాడడు. దోవ పొడుగునా కబుర్లు చెప్పినవాడు ఉన్నట్టుండి ఊరుకుంటాడు. పుట్టినప్పటి నుంచీ చెట్ల మధ్య బతికినవాడు చెట్లను చూసి అలా నోరు మూసుకుని నిలబడిపోవడం ఎందుకు? ఈ కాసేపూ మనం ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

అందరూ చెప్పే జవాబు ఒకటుంది. ఎప్పుడూ చూడలేదు కాబట్టి, అంటారు. ఏదైనా మొదటిసారి చూస్తే వింతే, రెండోసారికి సగం, మూడోసారికి మామూలు. అంటే తెలియకపోవడం వల్ల ఆశ్చర్యం పుడుతుందని, తెలిసేకొద్దీ పోతుందని వాళ్ళ లెక్క. ఈ లెక్క తప్పని నా వాదన. కొండ అడవిని చూసి ఉద్దానం మనిషికి కలిగే విస్మయం తెలియనితనం వల్ల పుట్టింది కాదు. తెలిసినతనం వల్ల పుట్టింది. మళ్ళీ చెబుతాను. చెట్టు అంటే ఏమిటో తెలియనివాడు అడవిని చూసి ఫొటో తీసుకుంటాడు, బాగుందంటాడు, బండెక్కుతాడు. చెట్టు పెంచినవాడు, చెట్టు పోగొట్టుకున్నవాడు అడవిని చూసి ఆగిపోతాడు. ఆ ఆగిపోవడంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

ముందుగా ఎత్తు సంగతి. కొండ చెట్లు ఎత్తు కాబట్టి మనసు చెదురుతుందని అనుకుంటాం. నిజమేనా? మన దేశవాళీ కొబ్బరి చెట్టు బాగా ముదిరితే డెబ్భై ఎనభై అడుగులకు పోతుంది. మన కొండల్లో పెద్ద చెట్టు అంటే గుగ్గిలం చెట్టును చెప్పుకోవాలి. ఉత్తరాదిలో సాల వృక్షం అంటారు. ఆ జాతి తూర్పు కనుమల వెంబడి దిగి వచ్చి, మన ఉత్తరాంధ్ర కొండల్లోనే దాదాపు ఆగిపోతుంది. మంచి నేల దొరికితే అది వంద అడుగులు దాటుతుంది. ఎనభైకీ వందకీ ఎంత తేడా అండీ? ఇరవై అడుగులు. రెండంతస్తుల డాబా ఇంటి ఎత్తు. ఆ ఇరవై అడుగుల కోసమే మనిషి మాట పోతుందా? పోదు. కొబ్బరితోటలో రోజూ ఎనభై అడుగుల కింద తిరిగేవాడికి వంద అడుగులు పెద్ద వింత కాదు. మరి తేడా ఎక్కడుంది? కాండం దగ్గర ఉంది. కొబ్బరి చెట్టు పైకి పెరుగుతుంది గానీ ఏటేటా లావెక్కదు. తాడి, ఈత కూడా అంతే. గుగ్గిలం చెట్టు అలా కాదు. ఏడాదికో పొర చొప్పున లావెక్కుతూ పోతుంది. ఇద్దరు చేతులు చాచి పట్టుకుంటే గానీ అందని మాను ముందు నిలబడితే మనం చూసేది ఎత్తును కాదు. ఎన్నో ఏళ్ళను ఒక్కచోట చూస్తున్నాం. కాలం కంటికి కనిపించే చోట్లు లోకంలో చాలా తక్కువ. ముదురు అడవి అందులో ఒకటి. మనిషిని ఆపేది ఎత్తు కాదు, కాలం. ఈ మాట గుర్తుంచుకోండి, దీని మీదే మిగతా మాటలన్నీ నిలబడాలి.

కాలం అంటే ఉద్దానం వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన వజ్రపుకొత్తూరు తీరాన్నే దాటింది. తెల్లారేసరికి లక్షల కొబ్బరి చెట్లు నేల మీద ఉన్నాయి. జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఇల్లు కూలితే ఆరు నెలల్లో కట్టుకోవచ్చు. వరి పోతే మరుసటి ఏడు మళ్ళీ నాటవచ్చు. కొబ్బరి పోతే? దేశవాళీ మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. నిండు కాపుకు ఇంకా ఎక్కువ. తాత పెట్టిన చెట్టు కాయలు మనవడు అమ్ముకునే తోటలో, ఆ చెట్టు పడిపోవడం అంటే ఒక తరం శ్రమ పడిపోవడం. నష్టపరిహారం ఎంతిచ్చినా డబ్బుతో ఏళ్ళను కొనలేమని ఆ రోజు మన రైతులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఇప్పుడు ఆ రైతునే ముదురు గుగ్గిలం చెట్టు కింద ఊహించుకోండి. ఆ చెట్టు కథ ఇది. దాని గింజ సరిగ్గా తొలకరి ముందు రాలుతుంది. ఆ గింజకు ఆయుష్షు కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో వాన పడాలి, నేల తగలాలి, మొలకెత్తాలి. మొలిచిన మొక్క వేసవికి ఎండిపోతుంది. చచ్చిపోయిందనుకుంటాం. వేరు బతికే ఉంటుంది. మళ్ళీ వానకు చిగురు వేస్తుంది, మళ్ళీ ఎండుతుంది. ఇలా ఏళ్ళ తరబడి పైకి లేవకుండా, కింద వేరును మాత్రం పెంచుకుంటుంది. ఏ పెద్ద చెట్టో పడి పైన వెలుతురు దొరికిన నాడు, అప్పుడు లేస్తుంది. ఆరేళ్ళు ఆగడం ఎంత కష్టమో తెలిసినవాడికే అన్నేళ్ళు నేలలో ఓపిక పట్టిన చెట్టు ముందు మాట పడిపోతుంది. ఆ చెట్టు కింద రాయి మరీ పాతది. తూర్పు కనుమల రాళ్ళు దాదాపు వంద కోట్ల ఏళ్ళ నాటివని భూగర్భ శాస్త్రం చెబుతుంది. హిమాలయాలు వాటి ముందు నిన్న మొన్న లేచినవి. కాకపోతే కోటి అన్న మాట మన మనసుకు ఆనదు. ఆరేళ్ళు ఆనుతుంది. ఆ ఆరేళ్ళతో కొలిస్తేనే మాను వయసు తెలుస్తుంది.

ఇంకో సంగతి. మన తోటలో ప్రతి చెట్టుకూ యజమాని ఉన్నాడు, ధర ఉంది, పని ఉంది. జీడి చెట్టునే చూడండి. అది బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళతో మన దేశానికి వచ్చింది. నాలుగైదు వందల ఏళ్ళ చుట్టం. ఈ రోజు పలాస పేరు దేశమంతా తెలుస్తున్నది ఆ చుట్టం పప్పు వల్లే. మంచిదే. తోట అంటే మనిషి అవసరం కొద్దీ నిలిపిన చెట్లు. అవసరం లేనిది పీకేస్తాం. కొండ అడవిలో పీకేవాళ్ళు లేరు. పెద్ద చెట్టు కింద చిన్న చెట్టు, దాని కింద పొద, పొద కింద ఫెర్ను, బెరడు మీద నాచు, కొమ్మ మీద ఇంకో మొక్క. వీటన్నిటినీ చుట్టుకుంటూ అడ్డతీగ. ఈ అడ్డతీగ గురించి కాస్త ఆగి చెప్పాలి. మన పెళ్ళిళ్ళలో, సంతర్పణల్లో ఇప్పటికీ అక్కడక్కడ అడ్డాకుల విస్తర వేస్తారు. రెండు రెక్కలుగా చీలిన ఆకు, కొబ్బరి ఈనెతోనో వెదురు పుల్లతోనో కుట్టినది. ఆ ఆకు మీద వందసార్లు భోంచేసిన మనిషి ఆ తీగను ఒక్కసారీ చూసి ఉండడు. కొండ అడవిలో అది మనిషి తొడంత లావుంటుంది. వంద అడుగుల చెట్టు ఎక్కి, పక్క చెట్టు మీదికి దాటి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా పాకిపోతుంది. మన వంటింటి చింతపండు, మన వాకిలి కొండచీపురు, దేవుడి ముందు పొగ వేసే గుగ్గిలం, మందుల కొట్టు కరక్కాయ, అన్నీ ఆ వైపు నుంచి దిగి వచ్చినవే. ఒకప్పుడు పడవ చెక్కల సందులు పూడ్చడానికి కూడా గుగ్గిలం చెట్టు జిగురే వాడేవారు. అంటే తీరం మనిషికి అడవి ముక్కలు ముక్కలుగా ముందే తెలుసు. మొదటిసారి అడవిలో నిలబడినప్పుడు ఆ ముక్కలన్నీ ఒక్కసారిగా కలిసి ఒకే ప్రాణిగా కనిపిస్తాయి. తెలిసినతనం వల్ల విస్మయం పుడుతుందని నేనన్నది ఇందుకే.

ఇక్కడ కొందరు అడ్డు చెబుతారు. ఏమండీ, మన తూర్పు కనుమల చెట్లు మహావృక్షాలు అనడం కాస్త ఎక్కువ కాదా? పిల్లలు అమెరికాలో ఉంటున్న తల్లిదండ్రులు ఇప్పుడు మన జిల్లాలోనూ చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మ్యూర్ వుడ్స్ చూసి వచ్చారు. ఆ కాలిఫోర్నియాలోనే రెడ్‌వుడ్ చెట్టు ఒకటి మూడు వందల డెబ్భై అడుగులు దాటి ఉంది. ప్రపంచంలో మనకు తెలిసినంతలో అంతకంటే ఎత్తైన చెట్టు లేదు. దాని దాయాది సెకోయా చెట్టు ఒకటి రెండు వేల ఏళ్ళు పైబడినది. వాటి ముందు మన గుగ్గిలం చెట్టు ఎంత? ఒప్పుకుంటాను. ఎత్తులో పోటీ పెడితే మనం ఓడిపోతాం. ఒప్పుకుంటూనే రెండు మాటలు అడుగుతాను. ఒకటి, మనిషి కంటికి వంద అడుగులు దాటాక కొలత పోతుంది. కింద నిలబడినవాడికి రెండిటి కొసా కనిపించదు. అందుకే అక్కడా ఇక్కడా మాట పడిపోవడం ఒక్కలాగే ఉంటుంది. రెండు, ఆ రెడ్‌వుడ్ అడవుల్లో మొదట ఉన్నదానిలో ఇప్పుడు నరకకుండా మిగిలింది నూటికి అయిదు పాళ్ళే. మిగతాదంతా ఇళ్ళకూ రైలు పట్టాలకూ పోయింది. ఆ మ్యూర్ వుడ్స్ కూడా ఒక మనిషి డబ్బు పెట్టి కొని ప్రభుత్వానికి అప్పగిస్తే 1908లో రక్షిత ప్రాంతం అయింది. అంటే వాళ్ళకు కూడా విస్మయం కాస్త ఆలస్యంగానే కలిగింది. చూడడానికి వేల మైళ్ళు వెళ్ళినవాళ్ళు, వజ్రపుకొత్తూరు నుంచి గాలిలో గీత గీస్తే ముప్పై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండను చూడకపోతే, లోపం కొండది కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది. ఇది మొదటిదాని కంటే బలమైనది. అడవిలో పీకేవాళ్ళు లేరు, యజమాని లేడు అని మీరు ఎలా అంటారు? అక్కడ సవర గిరిజనులు లేరా? ఉన్నారు. ఎంతకాలంగా ఉన్నారో చరిత్ర పుస్తకాలకు అందనంత కాలంగా ఉన్నారు. నిటారు వాలుల్లో రాళ్ళు పేర్చి, మెట్లు మెట్లుగా మడులు కట్టి వరి పండించిన నేర్పు వాళ్ళది. పోడు కొట్టారు, మళ్ళీ వదిలారు, అడవి మళ్ళీ మూసుకుంది. ఏ జీలుగు చెట్టు ఏ ఇంటివాళ్ళదో, కల్లు ఎవరు దించుకోవాలో వాళ్ళ ఊళ్ళలో అందరికీ తెలుసు. కాబట్టి మనిషి అడుగు పడని అడవి అనేది మైదానం వాళ్ళు కల్పించుకున్న ముచ్చట. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇందాక అన్న మాటను సరిచేసుకుంటూనే, నా వాదన దీనివల్ల బలపడిందంటాను. ఎందుకంటే సవర పెద్ద ఆ అడవిలో నోరు తెరుచుకుని నిలబడడు, నిజమే. దానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. కొండకూ, చెట్టుకూ, ఊటకూ మొక్కి, అడిగి, ఆ తరువాతే చేయి వేసే పద్ధతి వాళ్ళది. కొత్త పంటకు, మామిడికి, కందికి పండగ చేసి గానీ నోట పెట్టుకోరు. మనం ఒక్క రోజు పడే విస్మయాన్ని వాళ్ళు ఏడాది పొడుగునా పద్ధతిగా మార్చుకున్నారు. తెలిసేకొద్దీ ఆశ్చర్యం పోతుందన్న లెక్క ఇక్కడ కూడా తప్పింది. ఆ సవరలను ముందుగా పట్టించుకున్న చదువుకున్నవాళ్ళలో మన గిడుగు రామమూర్తి గారు ఒకరు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, కొండ దిగి వచ్చే సవరల మాట విని, ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఆయనను వాడుక భాషా ఉద్యమానికి తలుచుకుంటాం. కొండవైపు చూసిన తొలి చదువరుల్లో ఒకరిగా తలుచుకోవడం తక్కువ. అది అన్యాయమే.

భయం సంగతి కూడా చెప్పుకోవాలి. అడవి అంటే మీకు విస్మయం, మాకు ఎలుగుబంటి, అంటారు మన ఊళ్ళవాళ్ళు. ఆ మాటను తోసిపుచ్చడానికి లేదు. 2022 జూన్‌లో మన వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది. మరి కొందరు గాయాల పాలయ్యారు. చివరికి పట్టుబడిన ఎలుగు కూడా బతకలేదు. జీడితోటకు తెల్లారకుండా వెళ్ళాలంటే ఈ రోజుకీ గుండె దడే. మన ఆలంకారికులు అద్భుతాన్ని ఒక రసంగా, భయానకాన్ని ఇంకో రసంగా విడదీసి చెప్పారు. అద్భుతానికి స్థాయీభావం విస్మయం, భయానకానికి స్థాయీభావం భయం. నాటకంలో అవి వేరువేరు కావచ్చు. అడవిలో మాత్రం రెండూ కలిసే వస్తాయి. అయితే ఒక్క తేడా గమనించండి. ఎలుగు మన తోటలోకి వచ్చినప్పుడు మనకు కలిగేది భయం ఒక్కటే. అది తన చోట ఉండి, మనం దాని చోటికి వెళ్ళినప్పుడు, ఆ భయంలో మర్యాద కలుస్తుంది. పనస పండు వాసనకు, జీడి పండుకు, నీళ్ళకు అది మెట్టల మీద నుంచి దిగుతోంది. దానికి పైన తిండీ నీడా చాలినన్నాళ్ళూ మనకు కింద ప్రాణభయం తగ్గుతుంది. కాబట్టి అడవి అంటే భయపడేవాళ్ళే అందరికంటే ముందు అడవి నిలవాలని కోరుకోవాలి.

రాజుల మాట క్లుప్తంగా. ముఖలింగం నుంచి కళింగాన్ని ఏలిన గంగరాజులు తమ శాసనాల్లో మహేంద్రాచలం మీది గోకర్ణస్వామిని తలుచుకుని గానీ దానం రాయించేవారు కాదు. రాజ్యం మైదానంలో, దేవుడు కొండ మీద. తమిళ దేశం నుంచి వచ్చిన రాజేంద్ర చోళుడి పేర ఆ కొండ మీద విజయ శాసనం వెలిసింది. కాళిదాసు రఘువంశంలో రఘువు దండయాత్ర కూడా ఆ కొండను తాకింది. ఒకరు మొక్కారు, ఒకరు గెలిచామని చెక్కించారు, ఒకరు కావ్యంలో పెట్టారు. ఇంతమంది పట్టించుకున్న కొండను చూసి ఈనాటి మనిషి ఆగిపోతే దాన్ని పర్యాటకుల మోజు అనడం కుదరదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఆ కొండా మన తీరమూ ఒకే గంజాం జిల్లాలో ఉండేవని కూడా చాలామంది మరచిపోయారు. గీత గీశాక కొండ అటు పోయింది, మనం ఇటు మిగిలాం. నీళ్ళకు మాత్రం ఆ గీత తెలియదు.

నీళ్ళ దగ్గరే అసలు వాదన తేలుతుంది. విస్మయం వల్ల కడుపు నిండుతుందా, దాహం తీరుతుందా అని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇంటికొకరు మంచం పట్టిన ఊళ్ళున్నాయి. అక్కడికి వెళ్ళి చెట్ల అందం గురించి మాట్లాడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అందుకే అందం వదిలి నీళ్ళు చూద్దాం. జబ్బుకు కారణం ఏమిటన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. ఈలోగా మంచి నీళ్ళైనా ఇవ్వాలని, 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి గొట్టాల్లో నీళ్ళు తెచ్చే పథకం మొదలైంది. హిరమండలం నీళ్ళు వంశధారవి. వంశధార ఒడిశా కొండ అడవుల్లో పుట్టింది. మహేంద్రతనయ పేరులోనే కొండ ఉంది, అది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. వేసవిలో కూడా పారే ప్రతి గెడ్డ వెనకా పైన ఎక్కడో ఒక అడవి ముక్క ఉంటుంది. కొండ అడవి మన ఆడవాళ్ళ పొదుపు సంఘం లాంటిది. నాలుగు నెలల్లో ఒక్కసారిగా పడిన వానను రాలిన ఆకుల్లో, వేళ్ళ సందుల్లో, మెత్తని మట్టిలో జమ చేసుకుని, మిగతా ఎనిమిది నెలలూ కొద్దికొద్దిగా తిరిగి ఇస్తుంది. చెట్లు లేని కొండ మీద అదే వాన ఒక్క పూటలో ఎర్రనీరై కిందికి ఉరికి, మట్టినంతా తెచ్చి జలాశయంలో పోస్తుంది.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది, అది శాస్త్రం తెలిసినవాళ్ళది. చెట్లు నీళ్ళు తాగుతాయి కదా, అడవి వల్ల గెడ్డలో నీళ్ళు తగ్గుతాయి గానీ పెరుగుతాయా, అని. వాళ్ళ మాటలో నిజముంది. చెట్లు నీళ్ళను సృష్టించవు. తాగుతాయి, ఆకుల మీదుగా గాలిలోకి వదులుతాయి. ఏడాది మొత్తం లెక్క వేస్తే అడవి ఉన్న కొండ నుంచి కిందికి దిగే నీళ్ళు కొంత తక్కువే కావచ్చు. కానీ రైతును అడగండి. శ్రావణంలో వరదగా వచ్చే వంద బిందెలు కావాలా, చైత్రంలో వచ్చే పది బిందెలు కావాలా? చైత్రం పదీ అంటాడు. ఎంత నీరు అన్నది కాదు, ఎప్పుడు నీరు అన్నదే మనకు ముఖ్యం. అడవి చేసేది ఆ ఎప్పుడును మార్చడం. అంటే ఇక్కడ కూడా తేలినది కాలమే. మాను లావులో కనిపించిన కాలమే గెడ్డలో వేసవి నీరుగా కనిపిస్తుంది. నీలగిరి చెట్లు నాటి పచ్చగా ఉంది కదా అంటే కుదరనిది ఇందుకే. పచ్చదనం అయిదేళ్ళలో వస్తుంది. ఆ మెత్తని నేల రావడానికి తరాలు పడుతుంది.

విస్మయం అడవికి మేలే చేస్తుందని మాత్రం నేను అనను. చెడు కూడా చేస్తుంది. మహాశివరాత్రికి వేలమంది మహేంద్రగిరి ఎక్కుతారు. భక్తితోనే ఎక్కుతారు. దిగేటప్పుడు నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ సంచులు అక్కడే వదిలి వస్తారు. రోడ్డు పడ్డాక బళ్ళు పెరిగాయి, బళ్ళతో పాటు పాటల పెట్టెలు పెరిగాయి. ఒడిశా ప్రభుత్వం ఆ కొండను జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. మంచి పని. అయినా కాగితం మీది ప్రకటన చెత్త ఏరదు. నేను ఇంతసేపూ చెప్పిన విస్మయం ఇది కాదు. చూసి అరవడం వేరు, చూసి ఊరుకోవడం వేరు. మొదటిది కొత్తదనం వల్ల వస్తుంది, రెండోసారికి పోతుంది. రెండోది లెక్క తెలియడం వల్ల వస్తుంది, వెళ్ళినకొద్దీ పెరుగుతుంది. మన బడుల విహారయాత్రలు ఇప్పటిదాకా మొదటి రకానివే ఎక్కువ. పిల్లల్ని బస్సెక్కించి, ఏ జలపాతం దగ్గరో దించి, పులిహోర పెట్టి తీసుకొస్తున్నాం. పిల్లలకు ఒక్క చెట్టు పేరూ రాదు.

కాబట్టి శ్రోతలారా, ఉద్దానం పంతుళ్ళకూ తల్లిదండ్రులకూ నాదొక విన్నపం. వానలు వెనకబట్టాక, చలికాలంలో, శివరాత్రి రద్దీకి ముందే, పిల్లల్ని ఒక రోజు కొండ అడవికి తీసుకువెళ్ళండి. మహేంద్రగిరి కుదరకపోతే మందస కొండలైనా సరే. అటవీశాఖవారి అనుమతి ముందే తీసుకోండి. దోవ చూపడానికి అక్కడి సవర పెద్దనొకరిని వెంట రమ్మనండి, ఆయన రోజు కూలి పోకుండా చేతిలో డబ్బు పెట్టండి. పిల్లలకు మీరు ఏమీ వివరించవద్దు. చెట్టు పేరు సవర భాషలో ఏమిటో ఆయననే అడగమనండి, రాసుకోమనండి. అడ్డతీగ చూపించమనండి. తిత్లీ రోజున ఇంటి కొబ్బరి చెట్లు పడిపోయిన పిల్లలు ఇప్పుడు హైస్కూలు చదువుల్లో, కాలేజీ చదువుల్లో ఉన్నారు. ముందుగా వాళ్ళను తీసుకువెళ్ళండి.